గుండ్లకమ్మలో దిగినవాళ్లు

1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వరసగా నాలుగు రెండ్లు కావడంతో అంకె ఇట్టే నోటికొస్తుంది. క్రైస్తవ సభల్లో దాన్ని గర్వంగా చెప్పుకుంటారు. గిట్టనివాళ్లు కరువులో గంజి కోసం మతం మారారంటారు. క్రైస్తవ చరిత్రలో డాక్టరేటుకు కూర్చున్న విద్యార్థి ఈ రెండు మాటలనూ పక్కన పెట్టి పని మొదలుపెట్టాలి. ఆ నదిలో దిగినవాళ్లు ఎవరు? ఏ పల్లె, ఏ కులం? చేయి పట్టి నీళ్లలో ముంచింది ఎవరు?

చివరి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ముంచింది మిషనరీ జాన్ క్లౌ దొర కాదు, ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున, వంతులవారీగా. దొర వైపు నుంచి చెబితే ఇది అమెరికన్ బాప్టిస్టుల విజయగాథ. బోధకుల వైపు నుంచి చూస్తే, మాదిగ పల్లెల్లో పన్నెండేళ్లుగా కాళ్లరిగేలా తిరిగిన మనుషుల ఉద్యమం. భారత చర్చి చరిత్ర సంఘం 1970లలో పలు సంపుటాల చరిత్రకు పూనుకున్నప్పుడు కోరుకున్న మార్పు ఇదే. మిషన్ల కథను దాటి, ఈ దేశపు సామాజిక చరిత్రలో భాగంగా క్రైస్తవ ప్రజల కథ రాయాలన్నారు.

చిక్కేమిటంటే, కాగితమంతా మిషనరీ రాసిందే. ఉత్తరాలు బోస్టన్‌లోని మిషన్ కార్యాలయానికి వెళ్లేవి, చందాలిచ్చేవాళ్లు చదివేవి. అందుకని వాటిని గుడ్డిగా నమ్మకూడదు, అబద్ధాలని తోసెయ్యనూ కూడదు. మద్రాసు ప్రభుత్వ కరువు దస్త్రాలు, 1871, 1881 జనాభా లెక్కలు, స్థానిక చర్చిల రిజిస్టర్లు, పల్లెల్లో పెద్దవాళ్లు చెప్పే కథలు పక్కన పెట్టుకుని చదవాలి. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. ఆ సంగతి ఎరగకుండా గుంటూరు దస్త్రాల్లో వెతికితే నెలల శ్రమ నీళ్లపాలు.

ఇలా చదివితే గంజి మాట ఏమవుతుందో చూడండి. ఆ ఏళ్ల ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కరువు సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అది ముగిసే వేళకు, 1878 జూలైలో, జనం తరలివచ్చారు. గంజి వాదం ఇక్కడ బలహీనపడుతుంది. అలాగని ఆకలికీ విశ్వాసానికీ సంబంధమే లేదనడం నాకు ఒప్పుదల కాదు. చావు గుమ్మంలో ఉన్నప్పుడు పక్కన ఎవరు నిలబడ్డారో చూసిన మనిషికి, ఆ నిలబడ్డవాడి దేవుడి మీద నమ్మకం కుదరడంలో తప్పేముంది?

వేదాంతం ప్రవేశించేది ఇక్కడే. ఈ ఉద్యమానికి ఆద్యుడు తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం చేసిన మాదిగ. క్రీస్తు పేరు వినకముందే రాజయోగం సాధన చేసినవాడు. అలాంటివాడు ‘గురువు’ అన్నప్పుడు, ‘మోక్షం’ అన్నప్పుడు ఆ మాటల్లో ఎంత యోగం ఉంది, ఎంత సువార్త ఉంది? క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ పాత బోధకుల కథలు విని 1899లో ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అనే పుస్తకం వేసింది. ఆమె స్వయంగా స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో డాక్టరేట్ పొందిన విదుషి. ఆమె పుణ్యమాని ఆ కథలు మిగిలాయి, కాని ఇంగ్లిషులో మిగిలాయి. ఆ ఇంగ్లిషు మాట కింద పేరయ్య పలికిన తెలుగు మాట ఏదై ఉంటుందో చెవొగ్గి వినడమే ఈ పరిశోధనలో అన్నిటికన్నా కష్టమైన విద్య. ఇంట్లో ఆ యాస విని పెరిగిన విద్యార్థికి అమెరికాలో, అట్లాంటాలోని బాప్టిస్టు గ్రంథాగారం ఇవ్వలేని సాధనం చేతిలో ఉన్నట్టే.

నేరుగా తెలుగులోనే పుట్టిన వేదాంతమూ ఉంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు రాగతాళాలతో నేటికీ సంఘాల్లో పాడుతున్నారు. వాటిని భక్తి గీతాలని పక్కన పెట్టి, జర్మన్ పండితుల గ్రంథాలనే వేదాంతంగా లెక్కించే అలవాటు మన సెమినరీలను ఇంకా పూర్తిగా వదల్లేదు. 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టరు మీద నిలిచిన సెరంపూర్ వేదాంత పట్టా కోసం రాసినా, ఏ విదేశీ విశ్వవిద్యాలయం కోసం రాసినా, ఈ పాటలకు ఒక అధ్యాయం ఇవ్వాలి.

పేరయ్యతో పాటు ఆయన భార్య నాగమ్మ కూడా బాప్తిస్మం తీసుకుంది. పేరయ్య మీద పుటలకు పుటలు ఉన్నాయి. నాగమ్మకు దక్కినవి కొన్ని వాక్యాలే. భర్త పల్లెలు పట్టుకు తిరిగిన ఆ ఏళ్లలో వాడలో ఆమె ఏం మాట్లాడింది, పొరుగు ఆడవాళ్లకు యేసును ఏ పేరుతో చెప్పింది? ఆ అధ్యాయం ఎవరైనా రాయాలి.