స్వాధీనం నుంచి స్వామ్యానికి: రోమన్ న్యాయం, మితాక్షర, సాదాబైనామా

న్యాయశాస్త్ర బోధనలో రోమన్ న్యాయం చాలావరకు అలంకారప్రాయంగానే మిగిలిపోయింది. నాలుగు లాటిన్ సూత్రాలు, జస్టీనియన్ పేరు, అంతటితో అధ్యాయం ముగుస్తుంది. దాని అసలు ప్రయోజనం కొత్తగూడ వంటి చోట బోధపడుతుంది. హైటెక్ సిటీని ఆనుకొని ఉన్న ఈ ప్రాంతంలో భూమి హక్కును పరిశీలించేవారు 1954-55 ఖాస్రా పహాణీ దాకా, ఒక్కోసారి 1949 నాటి జాగీర్ల రద్దు దాకా వెళ్లవలసి వస్తుంది. కాగితం ఒకరి పేర, నేల మరొకరి చేతిలో ఉన్నప్పుడు ప్రతికూల స్వాధీనం అనే వాదం ముందుకొస్తుంది.

1963 లిమిటేషన్ చట్టం ప్రకారం ప్రైవేటు భూమిలో అటువంటి స్వాధీనం 12 ఏళ్లు సాగితే యజమాని హక్కే నశిస్తుంది. ఆక్రమించినవాడి సద్భావంతో చట్టానికి నిమిత్తం లేదు. ఈ సూత్రానికి రోమన్ మూలాలు చూపి గౌరవం కల్పించే వాదం నిలబడేది కాదు. పన్నెండు ఫలకాల శాసనం భూమికి 2 ఏళ్ల గడువు పెట్టిన మాట నిజమే. అయితే దొంగసొత్తుకు అది వర్తించదు. బలవంతంగా లాక్కున్నదానికీ తరువాతి శాసనాలు ఆ అవకాశం తీసేశాయి. కొనుగోలు వంటి న్యాయమైన ఆధారం, సద్భావం రెండూ ఉండాలన్నది రోమన్ పండితుల నిర్ణయం.

మన సంప్రదాయం ఇంకా జాగ్రత్తపడింది. యజమాని చూస్తూ ఊరకుంటే భూమికి 20 ఏళ్లలో హాని కలుగుతుందని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పగా, కల్యాణిలో మితాక్షర రచించిన విజ్ఞానేశ్వరుడు ఆ హాని ఫలానికే గాని భూమికి కాదని వ్యాఖ్యానించాడు. ఆ గ్రంథాన్ని 13వ శతాబ్దంలో తెలుగు చేసిన కేతనను సాహిత్యచరిత్రకు అప్పగించి, న్యాయ విద్యార్థులు చేతులు దులుపుకోవడం విచారకరం.

2008లో హేమాజీ వాఘాజీ కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని అహేతుకమని విమర్శించింది. 2023లో లా కమిషన్ 280వ నివేదిక మార్పు అక్కర్లేదన్నది. చర్చ అంతా ఉంచాలా, తీసేయాలా అన్నచోటే ఆగింది. సాదాబైనామా మీద, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం మీద, భూమి కొని దున్నుకునే తెలంగాణ రైతు ఆ చర్చలో కనిపించడు. విధ్యుక్తమైన బదిలీ తంతు లేకుండా సొమ్ము చెల్లించి భూమి పొందిన రోమన్ కొనుగోలుదారుడికి అతడు అచ్చంగా సాటి. ఆ గడువు నిబంధన ప్రధానంగా ఆదుకున్నది అటువంటివాణ్ణే. మన న్యాయస్థానాల్లో మాత్రం విక్రయ ఒప్పందం కింద వచ్చిన స్వాధీనం సాధారణంగా అనుమతితో కూడినదిగా లెక్కకొస్తుంది. కనుక డబ్బు చెల్లించి కొన్నవాడికి దొరకని రక్షణ, దౌర్జన్యంగా చొరబడినవాడికి 12 ఏళ్లకు దొరుకుతున్నది.