ఐదు గీతల పొలం

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లలో చాలామందికి లిపితో పని పడలేదు. అరబ్బీ మాటలు చెవిన పడి, నోటికెక్కి, రోజులు గడిచాయి. జపాన్ దారి అలాంటిది కాదు. 2021 జనవరిలో భారత్, జపాన్‌ల మధ్య కుదిరిన ఒప్పందంతో వృద్ధుల సంరక్షణ, వ్యవసాయం సహా 14 రంగాల్లో మనవాళ్లకు తలుపులు తెరుచుకున్నాయి. కానీ పనితో పాటు భాషలోనూ పరీక్ష నెగ్గాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జపనీస్ నేర్పించే ఏర్పాటు చేసింది అందుకే. హిరగానా, కతకానా లిపుల్లో ఒక్కోదానికి 46 మూలాక్షరాలు. పట్టుదల ఉంటే త్వరగానే వస్తాయి. జడిపించేది చైనా నుంచి వచ్చిన గుర్తుల లిపి, కాంజీ. నిత్య వాడుక జాబితాలోనే 2136 గుర్తులున్నాయి.

వాటిలో ఒక్కదాన్ని విప్పి చూద్దాం. ఒక చదరం గీసి, లోపల కూడిక గుర్తు పెట్టండి. గట్లు వేసి విడదీసిన నాలుగు మళ్లు. పోచారం ప్రాజెక్టు నీళ్లు పారే ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట పొలాలు చూసినవాళ్లకు దీని అర్థం వేరే చెప్పనక్కర్లేదు: వరి పొలం. జపాన్ పిల్లలు దీన్ని ఒకటో తరగతిలోనే నేర్చుకుంటారు.

గీయడానికి ఒక వరస ఉంది. ముందు ఎడమ నిలువుగీత. తర్వాత పైనుంచి కుడికి సాగి, చెయ్యి ఎత్తకుండానే కిందికి దిగే గీత. ఆపైన లోపలి నిలువు, లోపలి అడ్డం, చివరగా అడుగు గీత. మొత్తం ఐదు. చైనాలో లోపలి అడ్డగీతే ముందు వస్తుంది. వరస చేతికి అలవాటైతే ఆకారం కుదురుగా వస్తుంది. గీతల లెక్క తెలిస్తే నిఘంటువులో వెతుక్కోవచ్చు.

అర్థం ఒక్కటే అయినా పలుకులు రెండు. విడిగా ఉంటే ‘త’. అది జపాన్ సొంత మాట. ఇలాంటి పలుకును ‘కున్’ అంటారు. చైనా నుంచి గుర్తుతో పాటు వచ్చిన పలుకు ‘దెన్’. దాన్ని ‘ఒన్’ అంటారు. ఇది మనకు కొత్త సంగతి కాదు. తాగేవి నీళ్లు; నిజాంసాగర్ మాత్రం జలాశయం. సొంత మాట విడిగా తిరుగుతుంది, సంస్కృతం మాట సమాసంలో కూర్చుంటుంది. రెంటికీ కలిపి మనం ఒకే బొమ్మ రాసి, సందర్భాన్ని బట్టి ఒకసారి ‘నీళ్లు’ అనీ, ఇంకోసారి ‘జల’ అనీ చదివామనుకోండి. జపాన్‌వాళ్లు చేసేది అదే. నీటి గుర్తు విడిగా ‘మిజు’. పొలం గుర్తుకు ముందు చేరితే ‘సుయిదెన్’, అంటే నీరు కట్టిన పొలం. రెండూ చైనా పలుకులే. వరినాట్లకు మాత్రం ‘తఉఎ’, పూర్తిగా సొంత మాట. సాధారణంగా ఒన్‌కు ఒన్, కున్‌కు కున్ జోడీ కడతాయి. అయితే అన్నీ ఈ కట్టుబాటులో ఇమడవు. పల్లెటూరు అనే ‘ఇనక’లోనూ పొలం గుర్తుంది, కానీ అందులో ‘త’ లేదు, ‘దెన్’ లేదు. ఆ మాటను మొత్తంగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

మాటల మధ్యలో ‘త’ కొన్నిసార్లు మెత్తబడి ‘ద’ అవుతుంది. తెలుగులో ‘వాడు కొట్టె’ ‘వాడుగొట్టె’ అయినట్టే. కామారెడ్డి రోడ్ల మీద తిరిగే హోండా బండి పేరు చివర ఉన్నది ఈ పొలమే. అది స్థాపకుడి ఇంటిపేరు. టయోటాను స్థాపించిన కుటుంబం పేరు ‘తోయోద’, పుష్కలమైన పొలం. కార్ల పేరును 1936లో ‘తోయోత’గా మార్చి కతకానాలో రాశారు. ఆ రాతకు ఎనిమిది గీతలు. ఎనిమిది అక్కడ శుభసంఖ్య.

ఒక గుర్తు వస్తే దాని చుట్టాలూ వస్తాయి. పొలం కింద బలం గుర్తు రాస్తే ‘ఒతొకొ’, మగవాడు. పొలం పక్కన ‘చో’ అని పలికే గుర్తు పెడితే పట్టణం. అక్కడ పొలం అర్థం వైపు, పక్కది ధ్వని వైపు. పొలానికి ఎడమ పక్క నిప్పు పెడితే ‘హతకె’. మన రైతు పొలం అంటే తరి, చేను అంటే మెట్ట. జపాన్‌లోనూ ‘త’ తరి, ‘హతకె’ మెట్ట. చైనాలో పొలం గుర్తు అన్ని రకాల సాగునేలకూ చెల్లుతుంది; జపాన్‌లో అది తరికే పరిమితమైంది కాబట్టి చేను కోసం వేరే గుర్తు కల్పించుకున్నారు. అక్కడే పుట్టింది గనక దానికి ఒన్ పలుకు లేదు.

అందుకే గుర్తు పక్కన పలుకుల పట్టీ రాసుకుని వల్లె వేయడం వృథా ప్రయాస. మాటలు నేర్చుకోవాలి, పలుకులు వాటి వెంటే వస్తాయి. ఒక్కో గుర్తుకు ఒక కున్ మాట, రెండు ఒన్ మాటలు వాక్యంలో పెట్టి రాస్తే చాలు. వృద్ధుల సంరక్షణలో ‘సుయిబున్’ అనే మాట తరచూ ఎదురవుతుంది. ఒంటికి అందే ద్రవం అని దాని అర్థం. పలుకు మరిచిపోయినా, నీటి గుర్తు చూసిన నర్సుకు విషయం నీళ్లదని తెలుస్తుంది. పక్కవాళ్లను నోటితో అడగాలంటే మాత్రం ‘మిజు’ ఎక్కడ, ‘సుయి’ ఎక్కడ అన్నది తెలిసి ఉండాలి. నీళ్లకూ జలానికీ తేడా ఎరిగి పెరిగిన తెలుగువాళ్లకు ఆ వివేకం సగం ముందే ఉంది. మిగతా సగం సాధన.