కథ మిగిలింది, వంతు పోయింది

కొత్త మతం వచ్చినప్పుడు పాత కొలుపు ఏమవుతుంది? మన ఏజెన్సీలో ఇది పుస్తకాల ప్రశ్న కాదు, ఊళ్లో ప్రశ్న. దీని మీద మనవాళ్లు కవితలు, కథలు రాస్తున్నారు. అయితే వాటిలో చాలా మటుకు రెండే అచ్చుల్లో పోసినట్టు ఉంటాయి. ఒక అచ్చులో పాస్టరు వచ్చి ఊరిని చెడగొడతాడు. ఇంకో అచ్చులో పూజారి మాట విని జనం చీకట్లో ఉండిపోతే, బడీ మందూ చర్చితో వస్తాయి. ఈ రెండింటిలోనూ పండగ రోజు ఊళ్లో నిజంగా ఏం జరిగిందో కనిపించదు. నా అభ్యంతరం అక్కడే.

ముందు పిఠాపురం సంగతి చూద్దాం. అక్కడికి వెళ్లినవాళ్లు కుక్కుటేశ్వర స్వామినీ పురుహూతికా అమ్మవారినీ చూసి వస్తారు. ఆ ఊళ్లోనూ, చుట్టుపక్కలా పాత జైన విగ్రహాలు కూడా ఉన్నాయి. జనం వాటికి సన్యాసి దేవుళ్లు అని పేరు పెట్టుకుని మొక్కారు. ఆ విగ్రహం ఏ తీర్థంకరుడిదో, ఆయన ఏం చెప్పాడో మొక్కేవాళ్లకు తెలియదు. అంటే అక్కడ మొక్కు మిగిలింది, కథ పోయింది.

దీనికి సరిగ్గా తలకిందులుగా జరిగిన చోటు ఒకటి ఉంది. అది యూరపు ఉత్తరాన. ఆ ఖండం మొదటి నుంచీ క్రైస్తవం కాదు. జర్మనీ, ఇంగ్లండు, నార్వే, ఐస్‌లాండు జనాలకు ఓడిన్, థోర్, ఫ్రేయా అనే దేవతలు ఉండేవారు. తోపుల్లో, చెట్ల దగ్గర, ఊటల దగ్గర కొలిచేవారు. జీవాన్ని కోసి, వండి, అందరూ కలిసి తినేవారు. మనలాగే వాళ్లకూ మతగ్రంథం లేదు.

అక్కడికి క్రైస్తవం వెళ్లినప్పుడు గొడవ ఎక్కడ పడిందో గమనించండి. 601లో రోము పోపు గ్రెగరీ ఇంగ్లండుకు ఒక ఉత్తరం పంపాడు. గుళ్లు పడగొట్టవద్దు, లోపలి విగ్రహాలు తీసేసి చర్చీలుగా మార్చండి, ఎడ్లను కోసుకు తినే అలవాటు ఉంది కాబట్టి కోసుకోనివ్వండి, కాకపోతే మన దేవుడి పేరున తిననివ్వండి అని దాని సారాంశం. వందేళ్లు దాటాక ఇంకో పోపు, మూడో గ్రెగరీ, జర్మనీలో పనిచేస్తున్న బోనిఫేసుకు గుర్రం మాంసం తినడం మాన్పించమని రాశాడు. గైస్మార్ దగ్గర జనం కొలిచే పెద్ద ఓక్ చెట్టును నరికించి, ఆ కలపతోనే ప్రార్థన మందిరం కట్టింది ఈ బోనిఫేసే.

ఐస్‌లాండులో 1000 ప్రాంతంలో ఊరి పెద్దల మహాసభ రెండుగా చీలిపోయే దాకా వచ్చింది. తీర్పు చెప్పమని థోర్‌గేర్ అనే పెద్దను అడిగారు. ఆయన పాత కొలుపు మనిషే. ఒక పగలూ ఒక రాత్రీ దుప్పటి కప్పుకుని పడుకుని ఆలోచించాడు. చట్టం రెండైతే శాంతి ఉండదని, అందరూ బాప్తిస్మం తీసుకోవాలని చెప్పాడు. అయితే గుర్రం మాంసం తినవచ్చు, చాటుగా బలి ఇచ్చుకోవచ్చు అని మినహాయింపులు పెట్టాడు. కొన్నేళ్లకే ఆ మినహాయింపులు పోయాయి.

ఈ సంగతుల్లో మళ్లీ మళ్లీ కనిపించేది తిండే. ఎవరు కోస్తారు, ఎవరి పేరున కోస్తారు, ఎవరు తింటారు అన్నదే. దేవుడు ఒకడా పదిమందా అన్న వాదన కన్నా ఇది ముందు వస్తుంది. కలిసి తినడమే ఊరికి కట్టుబాటు కాబట్టి.

ఇప్పుడు రాతల సంగతి. ఐస్‌లాండు మతం మారిన రెండు వందల ఏళ్లకు, 1220 ప్రాంతంలో, స్నోరి స్టుర్లుసన్ అనే క్రైస్తవ పండితుడు పాత దేవతల కథలన్నీ పుస్తకంగా రాశాడు. పాత పద్యాల్లోని పోలికలు కొత్త కవులకు అర్థం కావాలన్నది ఆయన అవసరం. ఆ పుణ్యాన కథలు బతికాయి. థోర్ సుత్తిని ఈరోజు ప్రపంచమంతా సినిమాల్లో చూస్తోంది. కానీ థోర్‌ను కొలిచిన రైతు విత్తనం చల్లేటప్పుడు ఏమన్నాడు, ఊళ్లో వంతులు ఎలా వేశారు అంటే చెప్పగలిగేది బహు తక్కువ. స్నోరికి అది అక్కరలేదు. ఆ అన్నం తినే మనుషులు అప్పటికి లేరు.

మన గురించి రాసినవాళ్లనూ ఇదే కొలతతో చూడాలి. గోదావరి ఎగువన ఆనకట్ట పనులు సాగుతున్న 1860ల్లో దుమ్ముగూడెంలో కోయల కోసం మిషన్ మొదలైంది. తరవాత అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ 1876 నుంచి ఇండియన్ యాంటిక్వెరీ పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి రాశాడు. పంట బాగుండాలంటే మామిలిని కొలవాలని, పులుల మీద అధికారం కొర్రరాజుదని మనవాళ్లు చెప్పిన మాటలు ఆయన వల్లే అచ్చులో ఉన్నాయి. కోయ భాషను అచ్చులోకి తెచ్చిన తొలివాళ్లలో ఆయన ఒకడు. దీన్ని ఒప్పుకోవాలి. లోటు కూడా చెప్పాలి. ఆయన రాతలో చాలా చోట్ల కోయలు ఇలా అంటారు అని ఉంటుంది. ఏ కోయ, ఏ ఊరు, ఆడా మగా అన్నది ఉండదు.

1945లో వచ్చిన హైమన్‌డార్ఫ్ పుస్తకం వేరు. పాపికొండల దగ్గరి కొండరెడ్ల మీద రాసింది అది. పోడు, కలప వర్తకులకు పడిన అప్పులు, కొలుపు మూడూ అందులో పక్కపక్కనే ఉంటాయి. అందుకే స్నోరి పుస్తకంలో లేని తిండీ పనీ ఇందులో కనిపిస్తాయి. కానీ అది ఇంగ్లీషులో ఉంది. ఎవరి గురించి రాశాడో వాళ్లు దాన్ని చదవలేదు.

ఇక మన రాతలు. పిఠాపురంలో కథ పోయింది, ఐస్‌లాండులో మొక్కు పోయింది. మన దగ్గర ఇంకా రెండూ ఉన్నాయి. అయినా మనం దేవతల పేర్లు రాసి ఊరుకుంటున్నాం. భూమి పండగ మీద కథ రాసేవాళ్లు అడగవలసినవి వేరే ఉన్నాయి. చందా చర్చికి వెళ్లే ఇంటినీ అడిగారా? ఇచ్చారా? ఆ ఇంటి కుర్రాడు వేటకు వచ్చాడా? వస్తే అతని వంతు మొక్కకముందే పచ్చి మాంసంగా తీసి పెట్టారా, లేక లెక్కలోంచి తీసేశారా? ఆ మాట మొదట ఎవరన్నారు? పాస్టరా, పూజారా, ఆ ఇంటి ఆడమనిషా? భజన మందిరం కట్టిన ఊళ్లో కోడిని కోయవద్దని అన్నది ఎవరు? చర్చినే నిలదీసి మందిరాన్ని వదిలేస్తే అది విమర్శ కాదు, పక్షం. అమ్మవారికి కొత్త పేరు పెట్టి బలి మాన్పించడమూ ఆ గ్రెగరీ ఉత్తరం లాంటి పనే.

చర్చికి వెళ్లే మనవాళ్లనూ సాక్షులుగా పిలవాలి. వాళ్లకు పాత పాటలు గుర్తున్నాయి. ఎందుకు మారారో వాళ్లే చెప్పగలరు. జ్వరమా, అప్పా, తాగుడా, నమ్మకమా, వాళ్ల నోటితో రావాలి. మతం మారినంత మాత్రాన షెడ్యూల్డు తెగ కాకుండా పోరు. 1950 నాటి షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. చట్టం వెలి వేయని మనిషిని మన కథ వెలి వేయడం న్యాయం కాదు.

ఇది సాహిత్యం గొడవ మాత్రమే అనుకోవద్దు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు దరఖాస్తు ముందు గ్రామసభలోనే తేలాలి. పండగ నాడు విడిగా తిన్న రెండు గుంపులు గ్రామసభలో ఒక మాట మీద నిలబడటం కష్టం. పోలవరం ముంపుతో దేవీపట్నం ఊళ్లవాళ్లు కాలనీలకు వెళ్లిపోయారు. ఏ భూమికి పండగ చేశారో ఆ భూమి నీళ్ల కింద పడుతుంటే, రెండు వందల ఏళ్ల తరవాత మనకొక స్నోరి వస్తాడని కూర్చోలేం.

కాబట్టి రాసేవాళ్లను నేను కోరేది ఇంతే. ఈ ఏడు విత్తనాలకు ముందు మీ ఊళ్లో పండగ జరిగితే, దేవత పేరుతో పాటు వంతుల లెక్క కూడా రాయండి. ఎన్ని ఇళ్లు, ఎన్ని వంతులు, ఎవరి వంతు మిగిలిపోయింది, దాన్ని చివరికి ఎవరు తిన్నారు. చెప్పినవాళ్ల అనుమతి తీసుకుని రాయండి. రాసింది ఆ ఊళ్లోనే, రెండు వైపులవాళ్లూ కూర్చుని ఉండగా, ఒకసారి చదివి వినిపించండి.