బలమైన ప్రభుత్వం: ఎవరి మీద బలం?

ఏ తరహా ప్రభుత్వం అన్నిటికంటే బలమైనది? అధ్యక్ష తరహానా, పార్లమెంటరీ తరహానా, ఒకే పార్టీ పాలనా, లేకపోతే సైన్యం చేతిలో ఉన్న పాలనా? కాలేజీ వక్తృత్వ పోటీల్లో, సంపాదకీయాల్లో, రాజనీతిశాస్త్రం పాఠాల్లో ఈ చర్చ ఎప్పటినించో నడుస్తున్నదే. చర్చించేవాళ్ల తూకంరాళ్లు రెండే. ప్రభుత్వం ఎంతకాలం నిలబడుతుంది అన్నది ఒకటి, ఎంత వేగంగా నిర్ణయం చేస్తుంది అన్నది రెండోది. ఎక్కువకాలం నిలిచి, ఎవరినీ అడక్కుండా పని జరిపించేది బలమైనది. పడుతూ లేస్తూ, పదిమందిని బతిమాలుకుంటూ నడిచేది బలహీనమైనది. ఈ తూకంలో ఒక ప్రశ్నకి చోటే లేదు. ఆ బలం ఎవరి మీద పనిచేస్తుంది? ఎవరి గడప ముందు ఆగిపోతుంది? ఊరి చివర మాలపల్లిలో, మాదిగ గూడెంలో నిలబడి చూసేవాళ్లకి ఇదే మొదటి ప్రశ్న.

దళిత ఉద్యమంలో ఈ చర్చ వచ్చినప్పుడల్లా డాక్టర్ అంబేద్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగాన్ని ముందుపెట్టటం మనకి అలవాటు. ముసాయిదా రాజ్యాంగాన్ని సభకి వివరిస్తూ ఆయన ఒక లెక్క చెప్పాడు. ప్రజాస్వామ్యంలో కార్యనిర్వాహక వర్గానికి స్థిరత్వమూ కావాలి, జవాబుదారీతనమూ కావాలి. రెండూ సమపాళ్లలో ఉండే పద్ధతి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. అమెరికా పద్ధతిలో స్థిరత్వం ఎక్కువ, జవాబుదారీతనం తక్కువ. బ్రిటిష్ పద్ధతిలో ఇది తిరగబడుతుంది. అమెరికాలో ప్రభుత్వాన్ని బేరీజు వేసేది ఎప్పుడో ఎన్నికలప్పుడే. పార్లమెంటరీ పద్ధతిలో ప్రశ్నలతో, తీర్మానాలతో, అవిశ్వాసంతో ప్రతిరోజూ నిలదీయొచ్చు. మనలాంటి దేశానికి ఈ రోజువారీ నిలదీతే ఎక్కువ అవసరం, అందుకే ముసాయిదా స్థిరత్వం కంటే జవాబుదారీతనానికి మొగ్గింది అన్నాడు.

ఇంతవరకే చదివితే అంబేద్కర్ పార్లమెంటరీ పద్ధతికి నిండు మనసుతో ఓటేసినట్టు కనిపిస్తుంది. పాఠ్యపుస్తకాలు ఇక్కడే ఆగుతాయి. మనవాళ్లలో కూడా చాలామంది ఇక్కడే ఆగుతున్నారు. మా అభ్యంతరం ఈ ఆగటం మీదే.

దానికి ఏడాదిన్నర ముందు, 1947లో, షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున ఆయన 'రాష్ట్రాలు - మైనారిటీలు' అనే వినతిపత్రం తయారుచేశాడు. అందులో అడిగింది వేరు. మంత్రివర్గం శాసనసభ గడువు తీరేదాకా ఉండాలి, మధ్యలో మెజారిటీ దాన్ని దించెయ్యటానికి వీల్లేదు. ప్రధానమంత్రిని సభ మొత్తం ఎన్నుకోవాలి. మంత్రివర్గంలో మైనారిటీల ప్రతినిధులని మాత్రం ఆయా మైనారిటీల సభ్యులే ఎన్నుకోవాలి. కీలక పరిశ్రమలు, బీమా, వ్యవసాయం రాజ్యం చేతిలో ఉండాలి, ఆ సంగతి రాజ్యాంగంలోనే రాయాలి, మామూలు మెజారిటీకి చెరపటానికి దొరక్కూడదు. బ్రిటిష్ తరహా మంత్రివర్గం మనకి పనికిరాదనటానికి ఆయన చూపిన కారణం సూటిగా ఉంది. ఇంగ్లండులో మెజారిటీ రాజకీయ మెజారిటీ, అభిప్రాయాల మీద ఏర్పడుతుంది, రేపు మారుతుంది. ఇక్కడ మెజారిటీ పుట్టుకతో వచ్చింది. పుట్టుకతో వచ్చిన మెజారిటీ ఓటమి ఎరగదు.

మరి 1947 అంబేద్కరు, 1948 అంబేద్కరు ఒకరికొకరు ఎదురు నిలబడుతున్నారా? పైపైన చూస్తే అంతే. ఒకచోట కదిలించలేని మంత్రివర్గం అడిగాడు, ఇంకోచోట రోజూ కదిలించగలిగే మంత్రివర్గాన్ని సమర్థించాడు. కానీ రెండుచోట్లా ఆయన వేసిన ప్రశ్న ఒకటే: పాలించేవాడు ఎవరికి జవాబు చెప్పాలి? 1947లో అడిగిన స్థిరత్వం ఏలేవాడి సుఖానికి కాదు, పుట్టుక మెజారిటీ గుప్పిట్లోంచి ప్రభుత్వాన్ని బయటికి లాగటానికి. ఆ ఏర్పాటు రాజ్యాంగంలోకి రాలేదు. రానప్పుడు మిగిలిన ఆయుధం రోజువారీ నిలదీతే. 1948 ప్రసంగంలో దాన్నే గట్టిగా పట్టుకున్నాడని మేం అనుకుంటున్నాం. రెండో దాన్ని మొదటి దాంతో కలిపి చదవకపోతే అంబేద్కర్ని బ్రిటిష్ పద్ధతి ప్రచారకుడిగా కుదించినవాళ్లమవుతాం.

ఈ మాట తెలుగువాళ్లకి ఇంకా దగ్గరిది. 1953 సెప్టెంబర్‌లో రాజ్యసభలో ఆంధ్ర రాష్ట్ర బిల్లు మీద చర్చ జరిగింది. మైనారిటీల రక్షణకి గవర్నర్‌కి ప్రత్యేక అధికారాలు ఉండాలన్న వాదన నడుస్తుండగానే, రాజ్యాంగాన్ని తగలబెట్టేవాళ్లలో తను ముందుంటానన్న మాట ఆయన నోట వచ్చింది. ఆ కోపాన్ని అందరూ గుర్తుపెట్టుకున్నారు, అది ఆంధ్ర రాష్ట్రం మీద చర్చలో వచ్చిందన్న సంగతి మరిచిపోయారు. 1955లో భాషా రాష్ట్రాల మీద రాసిన పుస్తకంలో అయితే పేర్లు పెట్టే చెప్పాడు: ఆంధ్రలో భూమి, ఉద్యోగాలు, వ్యాపారం రెండు మూడు పెద్ద కులాల చేతుల్లో ఉన్నాయి, అంటరానివాళ్లు వాళ్ల కింద బతకాలి. అంటే ఢిల్లీలో ఏ తరహా ప్రభుత్వం ఉందన్నది సగం ప్రశ్న మాత్రమే. ఊళ్లో ఎవరి ప్రభుత్వం ఉందన్నది మిగతా సగం.

ఆ మిగతా సగానికి జవాబు 1985లో దొరికింది. ఆ ఏడాది మార్చి ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీకి 294 స్థానాల్లో 200కు పైగా వచ్చాయి. బలమైన ప్రభుత్వం అంటే ఇదే గదా! అంతకుముందు ఏడాదే కరణం, మునసబు, పటేల్, పట్వారీ వ్యవస్థని ఒక్క దెబ్బతో రద్దుచేసిన ప్రభుత్వం కూడాను. 1985 జులై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలని కమ్మ భూస్వాములు వేటాడి చంపారు. బతికినవాళ్లు ఊరొదిలి చీరాల చేరారు. వంశపారంపర్య గ్రామాధికారుల మీద పనిచేసిన బలం కారంచేడు భూస్వామి మీద ఎందుకు పనిచెయ్యలేదు? కరణం అప్పటికే దిగిపోతున్న కులపోడు. భూస్వామి ఎక్కొస్తున్న కులపోడు, ప్రభుత్వానికి సొంత మనిషి. ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు రావటానికి 2008 దాకా, 23 ఏళ్లు పట్టింది.

పార్టీ మారితే? 1991 ఆగస్టు 6న, కాంగ్రెస్ పాలనలో, అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులని చంపారు. పోలీసులు ఊళ్లో లేక జరిగింది కాదు, ఊళ్లో ఉండగా జరిగింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం అప్పటికే అమల్లో ఉంది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలిపెట్టింది. రాజ్యం లేకపోవటం కాదిది. రాజ్యం లాఠీతో, తుపాకీతో అక్కడే ఉంది. దాని బలం ఒకవైపుకే తిరుగుతుంది, అంతే.

రూపం మారితే సరిపోతుంది, కమ్యూనిస్టులు వస్తే సరిపోతుంది అనేవాళ్లకి మరిచ్‌ఝాపి గుర్తుచెయ్యాలి. 1977లో పశ్చిమ బెంగాల్లో గెలిచిన వామపక్ష ప్రభుత్వం 34 ఏళ్లు కదల్లేదు. స్థిరత్వానికి అంతకంటే నమూనా లేదు. ఆ ప్రభుత్వమే 1979లో సుందర్‌బన్స్‌లోని ఆ దీవి మీద కాపురం పెట్టిన కాందిశీకులని, ఎక్కువమంది నామశూద్రులని, తిండీ నీళ్లూ అందకుండా దిగ్బంధించి, కాల్పులు జరిపి, మే నెలలో ఖాళీ చేయించింది. భూమి పంచిన ప్రభుత్వమే భూమి అడిగిన దళితులని తరిమింది.

ఇప్పుడు రెండోవైపు చూద్దాం. మండల్ కమిషన్ తన నివేదికని 1980 డిసెంబర్ 31న ఇచ్చింది. ఆ తర్వాత ఢిల్లీలో ఉన్నవి బ్రహ్మాండమైన మెజారిటీ ప్రభుత్వాలు. 1984లో గెలిచినదానికి 400కు పైగా సీట్లు. నివేదిక బీరువాలోంచి బయటికి రాలేదు. 1990 ఆగస్టు 7న దాన్ని అమలు చేస్తామని ప్రకటించింది సొంతంగా 150 సీట్లు కూడా లేని వి.పి. సింగ్ ప్రభుత్వం. బౌద్ధం తీసుకున్న దళితులకి షెడ్యూల్డ్ కుల హోదా, అంబేద్కర్‌కి భారతరత్న కూడా ఆ ఏడాదే వచ్చాయి. ఆ ప్రభుత్వం 11 నెలలు మాత్రమే బతికింది. దీని పక్కన 2019 జనవరి పెట్టి చూడండి. ఆర్థికంగా వెనకబడినవాళ్ల పేరుతో, ఎస్సీ, ఎస్టీ, బీసీలని బయటపెట్టి, పది శాతం రిజర్వేషన్ ఇచ్చే 103వ సవరణ 8న లోక్‌సభలో, 9న రాజ్యసభలో నెగ్గింది, 12న రాష్ట్రపతి ఆమోదం పొందింది. ఒకరికి పదేళ్లు, ఇంకొకరికి ఐదు రోజులు. వేగంగా నిర్ణయం చెయ్యటమే బలమైతే, ఆ వేగం ఎవరికోసం దాచిపెట్టారో ఈ రెండు లెక్కలు చెబుతున్నాయి.

కాన్షీరాం ఈ సంగతి పసిగట్టాడు. మనకి కావలసింది బలమైన కేంద్ర ప్రభుత్వం కాదు, మన ముందు చెయ్యి చాచక తప్పని నిస్సహాయ ప్రభుత్వం అని బాహాటంగా చెప్పాడు. పెద్దమనుషులు దీన్ని అవకాశవాదం అన్నారు. మా దృష్టిలో అది 1948 ప్రసంగానికి వీధి భాషలో వ్యాఖ్యానం. అయితే దాన్ని సూత్రం చేసి మింగటానికి కూడా మేం సిద్ధంగా లేం. అత్యాచారాల నిరోధక చట్టం 1989లో పాసయింది 400 సీట్ల ప్రభుత్వం చేతిలోనే. మండల్ ప్రకటించిన ప్రభుత్వం నిలబడలేకపోతే, ఆ రిజర్వేషన్లు నిలిచినట్టు తేలటానికి 1992 నవంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు దాకా ఆగాల్సొచ్చింది. అన్నిటికంటే ముఖ్యంగా, ఢిల్లీ బలహీనపడితే ఊళ్లో భూస్వామి బలహీనపడడు. కొన్నిసార్లు వాడికి ఇంకా చేతినిండా పని దొరుకుతుంది. భూస్వామి ముందు నిలబడటానికి వాడకి బలమైన చట్టం కావాలి. ఆ చట్టాన్ని అమలుచేసే ప్రభుత్వం వాడకి భయపడాలి. ఈ రెండూ కలిస్తేనే మన లెక్క.

2018 ఇందుకు సాక్ష్యం. ఆ ఏడాది మార్చి 20న సుప్రీంకోర్టు తీర్పుతో అత్యాచారాల చట్టం పలచబడింది. ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది. ఉత్తరాదిలో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించి పాత బలం తిరిగి తెచ్చింది. అప్పుడు ఢిల్లీలో ఉన్నది సొంత మెజారిటీ ఉన్న ప్రభుత్వమే. దాన్ని కదిలించింది రోడ్డు మీదికొచ్చిన జనం, ముందున్న ఎన్నికలు.

అందుకే ఒకే దేశం, ఒకే ఎన్నిక అన్న ప్రతిపాదనని మనం ఖర్చుల లెక్కగా చూడకూడదు. 2024 డిసెంబర్ 17న లోక్‌సభలో ఇందుకోసం 129వ రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టారు. దాని వాదన అంతా స్థిరత్వం చుట్టూ తిరుగుతుంది: మాటిమాటికి ఎన్నికలొస్తే పాలన కుంటుపడుతుంది, డబ్బు వృథా అవుతుంది. సభ మధ్యలో రద్దయితే కొత్త సభ మిగిలిన గడువుకే ఉంటుంది. 1948లో అంబేద్కర్ గీసిన గీత గుర్తుతెచ్చుకుంటే ఇది ఎటువైపు నడకో తెలుస్తుంది. పంచాయతీ ఎన్నిక ఒకసారి, అసెంబ్లీ ఎన్నిక ఒకసారి, పార్లమెంటు ఎన్నిక ఒకసారి వస్తే నాయకుడు గూడేనికి మూడుసార్లు నడిచి రావాలి. కుళాయి గురించో, శ్మశానం దారి గురించో మూడుసార్లు మాట పడాలి. అన్నీ కలిపేస్తే ఒక్కసారి వచ్చి చెయ్యూపి పోతే సరి. పాలకుడికి అది పొదుపే. వాడకి అది నోరు నొక్కటం.

ఏ ప్రభుత్వం బలమైనది అని అడిగే విద్యార్థులకి మేం చెప్పదలుచుకున్నది ఇంతే. రాష్ట్రపతి భవనం దగ్గరో, అసెంబ్లీలో సీట్ల లెక్క దగ్గరో కొలవటం మొదలుపెట్టకండి. కేసు రాయమని వచ్చిన కూలి మనిషికి పోలీసు స్టేషన్లో ఏం జరుగుతుందో అక్కడ మొదలుపెట్టండి. ఎదుటివాడు భూస్వామి అయినా ఎస్సై కలం కదిలితే ఆ ప్రభుత్వం బలమైనది. కదలకపోతే, దానికి 400 సీట్లున్నా, అది బలహీనమైన ప్రభుత్వం. ఇప్పటిదాకా ఆ కలం దానంతటది కదల్లేదు. కదిలిన ప్రతిసారీ దాని వెనక ఒక శిబిరమో, ఒక బందో, వాడ ఓటు లేనిదే గట్టెక్కలేని నాయకుడో ఉన్నాడు. ఉద్యమం చెయ్యాల్సిన పని ఆ భయాన్ని ఐదేళ్లకొకసారి కాకుండా ప్రతిరోజూ నిలిపి ఉంచటం.