అన్నదెవరో పక్కన రాయండి

ఆదోనిలో జామియా మసీదు కట్టించిన సిద్ది మసూద్ ఖాన్ ఆఫ్రికా సంతతి మనిషి. అబిసీనియా నుంచి, అంటే ఇప్పటి ఇథియోపియా వైపు నుంచి, దక్కను సుల్తానుల దగ్గరికి బానిసలుగా వచ్చి సర్దార్లయిన హబ్షీల కోవలోనివాడు. అహ్మద్‌నగర్‌ను కాచిన మాలిక్ అంబర్‌దీ అదే కోవ. పన్హాలా కోటలో శివాజీని నెలల తరబడి చుట్టుముట్టిన కర్నూలు సర్దారు సిద్ది జౌహర్‌కు మసూద్ అల్లుడు. 1678 నుంచి 1683 దాకా బీజాపూర్‌లో చిన్నపిల్లాడైన సుల్తాను పేరు మీద రాజ్యం నడిపి, అక్కడి కీచులాటలు భరించలేక ఆదోనికి వచ్చేశాడు. ఇంతటివాడి గురించి మా ఊళ్లో అడిగితే రెండే కథలు చెబుతారు.

ఒకటి మసీదు కథ. 1688లో ఔరంగజేబు సైన్యం ఆదోనిని ముట్టడించింది. కోట ఎంతకీ లొంగలేదు. చివరికి ఫిరంగులను మసీదు వైపు తిప్పేసరికి, కట్టించుకున్న మసీదు మీద ప్రాణం పెట్టుకున్న మసూద్ తలుపులు తీశాడంటారు. 1904 నాటి బళ్లారి జిల్లా గెజెటీర్‌లో కూడా ఈ కథ ఉంది. రెండోది మఠం కథ. రాఘవేంద్ర స్వామిని పరీక్షించాలని నవాబు మసూద్ పళ్లెంలో మాంసం పెట్టి, గుడ్డ కప్పి పంపాడు. గుడ్డ తీస్తే పూలున్నాయి. సిగ్గుపడ్డ నవాబు ఏం కావాలో కోరుకోమంటే స్వామి మంచాల గ్రామం అడిగారు. అదే ఇప్పటి మంత్రాలయం. రెండు కథల్లోనూ ఆయన ఓడిపోతాడు. ఓడిపోయాకే మంచివాడవుతాడు. గెలిచినవాళ్లు చెప్పే కథలు ఇట్లాగే ఉంటాయి మరి. తన గురించి ఆయన తాను చెప్పుకున్న కథ ఒక్కటీ జనం నోట్లో లేదు. ఆయన రంగు మాటైతే ఏ కథలోనూ రాదు.

ఈ ముచ్చట ఎందుకెత్తానంటే, కొన్నేళ్లుగా ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలతో కూర్చుని వాళ్లవాళ్ల సంగతులు రాయిస్తుంటాను. డిగ్రీ చదివేవాళ్లుంటారు, చదువు ఆపేసి జిన్నింగు మిల్లులో లెక్కలు రాసేవాళ్లుంటారు. మొదటిసారి రాసుకొచ్చిన కాగితాలన్నీ ఒకే రకంగా ఉంటాయి. అందరూ ఏదో ఒక మహర్షి నుంచో రాజు నుంచో దిగొస్తారు. ఇంట్లో జేజి ఏం తింటుందో, ఎవరితో మాట్లాడదో ఒక్క ముక్క ఉండదు. తిట్టి లాభం లేదని ఒక పద్ధతి పెట్టాను. కాగితానికి ఎడమ పక్క వెడల్పుగా మార్జిన్ వదలాలి. ప్రతి వాక్యం పక్కనా ఆ మాట ఎవరు చెప్పారో రాయాలి. జేజి చెప్పింది. కుల సంఘం క్యాలెండర్లో ఉంది. సర్టిఫికెట్లో ఉంది. నేను చూశాను.

మార్జిన్ నిండేసరికి ఎవరికి వాళ్లకే తెలిసిపోతుంది. పేజీ మొత్తం క్యాలెండర్ చెప్పిందే ఉంటే అది క్యాలెండర్ రాసిన వ్యాసం. క్యాలెండర్ మాటలు కొట్టేయమని మాత్రం నేను చెప్పను. ఒక కులం తన గురించి ఏం చెప్పుకోవాలనుకుంటుందో అదీ చరిత్రే. చెప్పిందెవరో దాచకపోతే చాలు.

ఎమ్మిగనూరు చేనేత ఇంటి పిల్లాడొకడు "మేము కన్నడోళ్లమా, తెలుగోళ్లమా?" అని మొదలుపెట్టి నాలుగు పేజీలు వాదించాడు. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరది. ఆ సంఘం చరిత్ర పిల్లాడు బాగానే సేకరించాడు. అసలు సరుకు మాత్రం మార్జిన్లో దొరికింది. వాళ్లవ్వ పడుగు పోగులు లెక్కపెట్టేది కన్నడంలో, దేవుడికి మొక్కేది కన్నడంలో, కోడలిని తిట్టేది తెలుగులో. కోడలు ఆలూరు వైపు నుంచి వచ్చిన తెలుగు పిల్ల. తిట్టు అర్థం కాకపోతే తిట్టి ఏం లాభం? నాలుగు పేజీల వాదం పక్కన పెట్టి దీన్నే ముందుకు తెమ్మన్నాను. పిల్లాడికి నచ్చలేదు. అవ్వ పరువు పోతుందన్నాడు. అవ్వనే అడగమంటే అడిగొచ్చాడు, ఆమె ఇంకో రెండు తిట్లు అదనంగా చెప్పి పంపింది.

ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లావి. ఎమ్మిగనూరు అప్పుడు ఆదోని తాలూకాలోదే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజున ఇవి కర్నూలులో కలిశాయి, బళ్లారి, సిరుగుప్ప మైసూరుకు పోయాయి. ఈ గీత ఎవరి ఒంటి మీద ఎట్లా పడిందో బోయ కుర్రాడొకడు రాశాడు. వాళ్ల మేనమామది సిరుగుప్ప. కర్ణాటకలో బోయలను పిలిచే నాయక, బేడర్, వాల్మీకి పేర్లు ఎస్టీ జాబితాలో ఉన్నాయి. బేడర్, వాల్మీకి లాంటి పేర్లు 1991లో చేరాయి. ఇక్కడ మైదానంలోని బోయలు బీసీ-ఏ. ఒకే కులదేవుడు, ఒకే పెళ్లి పందిరి, మేనమామ కొడుకు ఎస్టీ, వీడు బీసీ. బోయలను ఎస్టీలో చేర్చాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. చేర్చాల్సింది మాత్రం కేంద్రం.

కుర్రాడు మొదట రాసింది కుల సంఘం కరపత్రం. మార్జిన్లో ఆ ముక్క నిజాయితీగా రాశాడు కూడా. కానీ ఒకచోట "మామ కొడుక్కు హాస్టల్ సీటు వచ్చిన రోజు మా ఇంట్లో ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు" అని ఉంది. పక్కన "నేను చూశాను". కరపత్రంలో ఎన్నడూ రాని వాక్యమది. రాజ్యం మనిషికి పెట్టే పేరు, మనిషి తనకు తాను పెట్టుకునే పేరు ఒకటి కానప్పుడు ఇంట్లో ఏమవుతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి వాక్యం దొరకలేదు. జాబితా మారాలా వద్దా అన్నది వేరే చర్చ, ఆ కుర్రాడికి దాని మీద నాకన్నా గట్టి అభిప్రాయాలున్నాయి.

కులం రాస్తారు, భాష రాస్తారు. రంగు మాత్రం ఎవరూ రాయరు. హబ్షీల వారసులు మనకు దూరమేం కాదు. హైదరాబాద్ ఏసీ గార్డ్స్ పేటకు ఆ పేరు నిజాం దగ్గరి ఆఫ్రికన్ గుర్రపు దళం వల్ల వచ్చింది. అక్కడి మర్ఫా దరువు మన పెళ్లి ఊరేగింపుల్లో మోగుతూనే ఉంది. ఉత్తర కన్నడ జిల్లా ఎల్లాపుర, హళియాళ అడవుల పక్క ఉండే సిద్దీలను 2003లో ఎస్టీలుగా గుర్తించారు. వాళ్లు కన్నడం మాట్లాడతారు, కొంకణీ మాట్లాడతారు, అయినా బస్సులో ఏ దేశమని అడిగేవాళ్లు ఉన్నారు. నవాబు రంగును మరిచిపోయే మనం బస్సులో పక్క సీటు మనిషి రంగును మరిచిపోం.

కోసిగి వైపు పిల్ల ఒకతె ఏటా అమ్మానాన్నలతో గుంటూరు మిరప కోతలకు పోయొచ్చేది. గుడారం, తూకం, మిరప ఘాటుకు చేతులు మండటం, అక్కడ వీళ్లను "కర్నూలోళ్లు" అని పిలవటం, వీళ్ల యాస అనుకరించి నవ్వటం, అన్నీ చక్కగా రాసింది. ఇక్కడ బోయలో మాదిగలో కురువలో అయినవాళ్లు ఒక లారీ ఎక్కి దిగేసరికి ఒకే జాతి అయిపోతారని రాసింది. బాగుందన్నాను. మూడోసారి తిరగరాసినప్పుడు అక్క పెళ్లిచూపుల సంగతి వచ్చి చేరింది. పిల్ల నలుపని, బంగారం ఎక్కువ అడిగారట. మార్జిన్లో "అందరూ అన్నారు" అని ఉంది.

"అందరూ అంటే ఎవరమ్మా?" అన్నాను.

"అందరూ అంటే అందరే సార్."

పేర్లొద్దు, వరస రాయమన్నాను. వారం తర్వాత తెచ్చింది. పెళ్లికొడుకు మేనత్త, మధ్యవర్తి, పక్కింటి పెద్దమ్మ. అందరికన్నా పైన "అమ్మ". చిన్నప్పటి నుంచి మిరప చేలో ఎండలో తిరగొద్దే, ఇంకా నల్లబడతావని అక్కను కసిరింది అమ్మేనట. ఎండలో కూలికి తీసుకుపోయింది కూడా అమ్మే.

వాళ్లమ్మకు చదువు రాదు. చదివి వినిపించకుండా ఎక్కడా అచ్చుకు ఇవ్వొద్దని చెప్పాను, మా దగ్గర అందరికీ అదే షరతు. వినిపించిందట. ఆమె కోప్పడింది, కానీ నేననుకున్న దానికి కాదు. "నన్నొక్కదాన్నే రాస్తివేమి? నేను కాపురానికొచ్చినప్పుడు మీ జేజి నన్ను అనలేదా? ఆమెనూ రాయి" అందట. జేజిని రాసింది. ఇప్పుడు అక్క ఒప్పుకోవటం లేదు, తన పెళ్లిచూపుల సంగతే తీసేయమంటోంది. అది అక్క కథ కాబట్టి తీసేయాల్సిందేనని నేను, అది తీసేస్తే ఇంకేం మిగులుతుందని ఈ పిల్ల. ఆదివారం ముగ్గురం కూర్చోవాలి.