వంశావళిలో లేని పేరు

ఏటి పుట్టుకయు, ఋషి పుట్టుకయు అడుగరాదని మన పెద్దలందురు. బైజాంటియ సామ్రాజ్యపు చివరి శతాబ్దములలో ఘనులైనవారు ఎవరును అడుగకముందే తమ పుట్టుకను చెప్పుకొనిరి. 1261లో లాటిన్ల చేతినుండి కాన్‌స్టాంటినోపుల్ నగరమును తిరిగి పొందిన ఎనిమిదవ మిఖాయిల్ చక్రవర్తి పేరు డూకాస్ ఆంజెలస్ కొమ్నెనస్ పలైయొలోగస్. ఇందు మొదటి మూడును పూర్వము సింహాసనమెక్కిన కుటుంబముల పేర్లు. ఆయన తల్లిదండ్రు లిరువురును పలైయొలోగస్ వంశమువారే. తల్లికి తల్లి మూడవ అలెక్సియస్ ఆంజెలస్ చక్రవర్తి కుమార్తె.

ఈ పేర్ల వరుసను ఆడంబరమని త్రోసివేయుట సులభము. కాని ఆ రాజ్యమున ప్రభుత్వము వారసత్వపు హక్కు కాదు. బిరుదములు చక్రవర్తి ఇచ్చినవి; పొందినవానితోనే పోవునవి. కుమారునికి మిగులునది పేరు మాత్రమే. అందుచేత తండ్రి ఇంటిపేరుకంటె తల్లిదో, అవ్వదో ఘనమైనచో దానినే ధరించిరి. ఈ దృష్టితో చూచినచో వంశావళి జ్ఞాపకపత్రము కాదు, విన్నపపత్రము. మిఖాయిల్‌కు ఆ విన్నపముతో పని యుండెను. బాలుడైన నాల్గవ జాన్ లాస్కారిస్ కన్నులను 1261లో తీయించి ఆయన ఏకచ్ఛత్రముగా ఏలెను. తుదిదినములలో ఒక మఠమునకై వ్రాసిన స్వీయచరిత్రమున పూర్వుల ఘనతతో ఆరంభించి, రాజ్యము దైవదత్తమని చెప్పుకొనెను.

పేరులేనివాని గతి ఏమి? ఆ బాలుని తండ్రి రెండవ థియొడోర్ లాస్కారిస్ (1254–1258) ప్రభుకుటుంబములను నమ్మక, సామాన్యకులజుడైన జార్జి మూజలోన్‌ను పైకి తెచ్చెను; మిఖాయిల్ మేనకోడలగు థియొడోరాను అతనికిచ్చి వివాహము చేయించెను. మరణకాలమున పుత్రుని సంరక్షణ మతనికే అప్పగించెను. కొలది దినములకే, చక్రవర్తి ఆత్మశాంతికై ప్రార్థన జరుగుచుండగా, దేవాలయములోనే సైనికులు మూజలోన్‌ను సోదరులతో సహా చంపిరి. ఆ వెనుక బాలుని సంరక్షకుడైనవాడు మిఖాయిలే.

ఈ కథను చెప్పిన చరిత్రకారులలో ముఖ్యు లిరువురు. జార్జి అక్రొపొలితిస్ మూజలోన్ సోదరులను అల్పులని తూలనాడెను. ఆయన మిఖాయిల్ కొలువున ఉన్నతోద్యోగి. థియొడోర్ ఆజ్ఞతో తాను దెబ్బలు తినిన వృత్తాంతమును తానే వ్రాసినవాడు. కావున ఆ నిందలో కులగర్వ మెంతో, పాతగాయ మెంతో పాఠకుడు విడదీసి చూడవలెను. పకిమెరిస్ దశాబ్దముల తరువాత వ్రాసెను. ఆయన గ్రంథమున మూజలోన్ సభలో నిలిచి, అధికారమును విడుచుటకు సిద్ధమని పలుకును. ఆ పలుకులు యథాతథములని నమ్మనక్కరలేదు. పూర్వులు తమ చరిత్రలలో ఉపన్యాసములను కూర్చుట వాడుకయే. అయినను చనిపోయినవానికి మాటాడు అవకాశమిచ్చుట చిన్న న్యాయము కాదు. భర్త హత్యను థియొడోరా ఖండింపగా, మేనమామ ఆమెను బెదరించి నోరు మూయించెనని చెప్పినవాడును పకిమెరిసే.

థియొడోరా తరువాత జాన్ రౌల్‌ను పెండ్లాడెను. థియొడోరా రౌలైనా అని పండితలోకము ఆమెను గౌరవించినది. అరిస్టాటిల్ భౌతికశాస్త్రమునకు సింప్లికియస్ రచించిన వ్యాఖ్యను ఆమె స్వహస్తముతో ప్రతి వ్రాసెను. ఆ ప్రతిలోని పద్యము లేఖకురాలిని పరిచయము చేయును: చక్రవర్తి మేనకోడలు, కాంటకుజీనీ, ఆంజెలస్, డూకాస్, పలైయొలోగస్ వంశజాత, కొమ్నెనస్ వంశోద్భవుడైన రౌల్ భార్య. రెండవభర్త బిరుదము కూడ అందు కలదు. మూజలోన్ పేరు లేదు.

ఇందుకు ఆమెను నిందింప పనిలేదు. రెండవ వివాహము తరువాత వ్రాసిన పద్యమున మొదటిభర్తను పేర్కొనకుండుట లోకమర్యాదయే కావచ్చును. కాని ఆ మర్యాదయే విమర్శకునికి కావలసిన సాక్ష్యము. హంతకులు ఒక ప్రాణమును తీసిరి. ఆ పేరును తుడిచినది మాత్రము కత్తి కాదు, వంశావళి. అట్టి పట్టికలను చదువువాడు అందున్న పేర్లను లెక్కించినంత శ్రద్ధతో లేని పేర్లనుకూడ వెదకవలెను.