లాటిన్ పాఠం: తిరుగు అనువాదం

లాటిన్ మొదలుపెట్టినవారికి తొలి పాఠాల్లోనే ఎదురయ్యేది విభక్తుల పట్టిక. నామవాచకాలకు ఐదు గణాలు, ఆరు విభక్తులు, ప్రతిదానికీ ఏకవచనం, బహువచనం. డుమువులు వల్లించి పెరిగిన తెలుగువారికి ఈ ఏర్పాటు కొత్త కాదు. అయితే వల్లెవేతతో భాష మీదే విసుగు పుడుతుందన్న ఫిర్యాదు పాతదే, అందులో న్యాయమూ ఉంది. డెన్మార్క్‌కు చెందిన హాన్స్ ఓర్బెర్గ్ 1955లో పూర్తిగా లాటిన్‌లోనే నడిచే వాచకం తెచ్చాడు. ఒక రోమన్ కుటుంబం కథ చదువుతూ పోతుంటే వ్యాకరణం ఒంటబట్టేలా దాన్ని రాశాడు.

ఆ దారి తెలుగు చదువరికి మొదట్లో బాగా కలిసొస్తుంది. ‘పుయెల్లమ్ అగ్రికొల విదెత్’ అంటే రైతు బాలికను చూస్తున్నాడని అర్థం. కర్మ ముందొచ్చినా చివరి ‘మ్’ ద్వితీయా విభక్తిని పట్టిస్తుంది. ‘బాలికను రైతు చూస్తున్నాడు’ అని మనమూ అంటాం. క్రియ చివర రావడమూ అలవాటే.

చిక్కు విశేషణంతో మొదలవుతుంది. తెలుగులో ‘మంచి’ రైతుకైనా బాలికకైనా మారదు. లాటిన్‌లో అది లింగ, వచన, విభక్తులు మూడింటా నామవాచకంతో కలవాలి. అగ్రికొల రూపంలో పుయెల్ల వంటిదే కానీ పుంలింగం. అందుకే మంచి రైతు ‘అగ్రికొల బొనుస్’, ‘బొన’ కాదు. చివరి అచ్చు కలిస్తే చాలనుకున్నవారు ఇక్కడే తప్పుతారు. ‘పుయెల్లై’ మరీ గట్టిది. బాలిక యొక్క, బాలికకు, బాలికలు: మూడింటికీ అదే రూపం. ‘పుయెల్లై అగ్రికొల రోసమ్ దత్’ అన్నప్పుడు క్రియ ఏకవచనం కనుక కర్త రైతు, ఇచ్చేది గులాబీ, కాబట్టి ‘బాలికకు’ అని తేల్చుకోవాలి.

కథ చదివేటప్పుడు ఇంత ఆలోచన అక్కర్లేదు. మూడు మాటలు తెలిస్తే మిగతాది ఊహ పూరిస్తుంది. విభక్తి వచ్చిందో లేదో చదివేవారికే తెలియదు. దీనికి విరుగుడు మొదటి ఎలిజబెత్ రాణికి చదువు చెప్పిన రోజర్ ఆస్కం చూపించాడు. ఆయన పోయాక 1570లో అచ్చయిన ‘ది స్కూల్‌మాస్టర్’లో పద్ధతి ఇది: రోమన్ వక్త సిసెరో ఉత్తరాన్ని విద్యార్థి ఇంగ్లిష్‌లోకి రాయాలి. కనీసం గంట ఆగి, తన ఇంగ్లిష్ నుంచే మళ్లీ లాటిన్‌లోకి తేవాలి. అప్పుడు గురువు రెండు లాటిన్లనూ పక్కపక్కన పెట్టి తేడాలు చూపిస్తాడు. ఇందులో దాటవేతకు చోటు లేదు. ప్రతి మాటకూ చివర ఏదో ఒకటి రాసి తీరాలి, అది పట్టిక నోటికొచ్చినవారికే చేతికొస్తుంది. కథలు చదవడం మానక్కర్లేదు గానీ వల్లెవేతను తీసేస్తే ఈ సాధన సాగదు.

దీనికి సిసెరో దాకా ఆగనవసరం లేదు. మొదటి గణం వచ్చిన రోజే పాఠంలోని నాలుగు వాక్యాలు తెలుగులోకి రాసి, పుస్తకం మూసి, మర్నాడు తిరిగి లాటిన్‌లో రాయండి. తప్పులు దిద్దుకున్నాకే తర్వాతి పాఠం తెరవండి.